గుడారంలో తీర్పరి

పాతికేళ్ళుగా కిరాణా కొట్టు నడుపుతున్న థిర్జా బారక్లఫ్‌కు ఒక అలవాటు పట్టుబడింది. ఏ సంగతి ఎదురైనా త్రాసులో వేసినట్టు వేసి, వచ్చేదేమిటి, పోయేదేమిటి అని చూసుకుంటుంది. ఊళ్ళో ఆమెను గట్టిమనిషి అంటారు. ఆ మాటలో సగం మెప్పు, సగం విసురు. రెండింటినీ ఆమె ఒకే మొహంతో పుచ్చుకుంటుంది.

తమ్ముడు ఎల్లిస్ లండన్ వదిలేసి ఊరికి వచ్చేస్తానని కబురు చేసినప్పుడూ అలాగే చూసుకుంది. ఊపిరితిత్తులు చెడిన మనిషి. ఇంకో చలికాలం ఆ పొగమంచులో గడిపితే తాను పూచీ పడనని డాక్టరు చెప్పేశాడట. పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. కొట్టు మీది గది ఎలాగూ ఖాళీ. ఇవతలి పక్క చూస్తే, పియానో ముందు కూర్చున్నాడంటే వేళాపాళా ఉండదు. పళ్ళెంలో కూర చల్లారిపోతున్నా పిలిస్తే పలకడు. పైగా దగ్గు.

"రమ్మందాం," అంది మొగుడు ఈనోక్‌తో.

ఈనోక్ నోట్లోంచి పైపు తీయకుండానే, "వాడికి నువ్వు తప్ప ఎవరున్నారు," అన్నాడు.

ఎల్లిస్ వచ్చాడు. వెనకే పియానో వచ్చింది. అది మెట్ల మలుపు తిరగలేదు. ఊరి బ్యాండు వాళ్ళంతా చేరి కిటికీ చట్రం ఊడదీసి, తాళ్ళు కట్టి, వీధిలోంచి పైకి లాగారు. లాగినంతసేపూ సలహాలిచ్చే వాళ్ళే ఎక్కువ.

హాగ్‌డెన్‌కు ఎల్లిస్ మీద ఒక హక్కుంది. ఆ సంగతి ఊరు మరచిపోలేదు, అతన్నీ మరచిపోనివ్వలేదు. నేతపనివాడి కొడుకు చేతిలో మొదటి కార్నెట్ బూర పెట్టింది హాగ్‌డెన్ బ్యాండు. స్వరాలు చదవడం నేర్పింది ప్రార్థనా మందిరంలో ఆర్గన్ వాయించే ముసలాయన. సంగీతం చదువుకోవడానికి లండన్ పంపాలంటే ఊరంతా చలికాలమల్లా కచేరీలు పెట్టింది, ఆడవాళ్ళు మేజోళ్ళు అల్లి అమ్మారు. అతను అక్కడ బాగానే చదివాడు, బాగానే రాశాడు. రాసినవి పెద్ద పెద్ద హాళ్ళలో వాయించారు. పత్రికలు మెచ్చుకున్నాయి. ఎంత తొందరగా మెచ్చుకున్నాయో అంత తొందరగా మరచిపోయాయి. బతుకుతెరువుకు ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవుల్లో రాసుకుంటూ నెట్టుకొచ్చాడు.

అతని మొదటి సింఫనీ వాయించిన రోజు థిర్జా రైలెక్కి లండన్ వెళ్ళింది. హాలులో అందరికన్నా పైవరసలో, టోపీ తీయకుండా కూర్చుని విన్నది. సంగీతం తెలిసినవాళ్ళు చెప్పే మాటలు ఆమెకు రావు. కానీ మూడో భాగంలో, పెద్ద వాయిద్యాలన్నీ గొంతు తగ్గించి గుర్రుమంటున్నప్పుడు, తెల్లారకముందు మిల్లు యంత్రాలు వేడెక్కుతున్న చప్పుడు చెవికి తగిలింది. అందులోంచి ఒక్క కార్నెట్ పైకి లేచింది. పక్కనున్న ఆవిడ రుమాలు తీసింది. "వీడు ఊరు వదల్లేదు" అని థిర్జా మనసులో అనుకుని, ఆ రాత్రి బండికే తిరిగి వచ్చేసింది.

యుద్ధం వచ్చాక అతని చేయి ఆగిపోయింది. యుద్ధం ముగిశాక కూడా నడవలేదు. హాగ్‌డెన్ వచ్చిన తర్వాత, మేడమీద మళ్ళీ పియానో మోగడం మొదలైంది. ముందు ఒక్కో స్వరం, తర్వాత పాయలు పాయలుగా. రెండో సింఫనీ అన్నాడు. థిర్జా కింద పప్పుదినుసులు తూస్తూ వినేది. ఒక పాయ ఆగిపోతే చేయి ఆపి పైకి చూసేది. ఆ గదిలో మనిషి మెరుగుపడుతున్నాడు, పని ముందుకు సాగుతోంది. పెట్టిన దానికి ప్రతిఫలం కళ్ళెదుట కనిపిస్తోంది. అది చెడకుండా చూసుకోవడం ఒక్కటే తన పని అనుకుంది.

దాన్ని చెడగొట్టడానికి వచ్చింది రావెన్‌షా పార్కు పోటీ.

ఏటా వేసవి చివర్లో ఆ చుట్టుపక్కల మిల్లు బ్యాండులూ గని బ్యాండులూ అన్నీ రావెన్‌షా పార్కులో పోటీ పడతాయి. అన్ని బ్యాండులూ వాయించేది ఒకటే రచన. ఆ ఏడు కమిటీ వాళ్ళు ఆ రచన చేయమని ఎల్లిస్‌ను అడిగారు. రాసినవాడే తీర్పు చెప్పడం అక్కడి ఆనవాయితీ. హాగ్‌డెన్ బ్యాండు పోటీకి పేరిచ్చి అప్పటికే చాలా రోజులైంది. ఆ బ్యాండుకు నాయకుడు ఈనోక్.

ఇందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. గుడారం ఉంది కదా. ఏ బ్యాండు ఎప్పుడు వాయించాలో చీటీలు తీయకముందే తీర్పరిని నాలుగు వైపులా కాన్వాసు కట్టిన గుడారంలోకి పంపేస్తారు. తలుపు దగ్గర పోలీసు. లోపల బల్ల, కుర్చీ, దీపం, మూలన మరుగుచాటున ఒక బకెట్టు. తీర్పరి ఈల వేస్తే తర్వాతి బ్యాండు మొదలెడుతుంది. అతనికి తెలిసేది అంకె ఒక్కటే. ఆఖరి బ్యాండు దిగేదాకా బయటికి రావడానికి లేదు.

"ఒప్పుకోకు," అంది థిర్జా. "మనవాళ్ళు గెలిస్తే పైఊళ్ళ వాళ్ళు నిన్ను దొంగంటారు. ఓడితే మనూరివాళ్ళు నీకు మొహం చూపించరు. ఎటు తూచినా నష్టమే."

"మధ్యలో గెలవకుండా ఓడకుండా ఏమన్నా ఉంటుందేమో," అన్నాడు ఎల్లిస్ నవ్వుతూ.

"బ్యాండు పోటీలో అదుండదు."

"అక్కా, నన్ను తయారుచేసింది ఈ బూరలే. వీటికోసం నేను ఒక్క ముక్కా రాయలేదు ఇంతవరకూ. అడక్క అడక్క అడిగారు. తీర్పుకి వేరేవాణ్ణి పెట్టుకోండి, నేను రాసి మాత్రం ఇస్తానంటే, వాడు మామీద నమ్మకం లేదంటున్నాడంటారు. కాదనలేను."

అలా రాసిచ్చాడు. రచన పేరు 'కొండదారి'. మొదట చురుకైన నడక, చివర పరుగు, మధ్యలో నెమ్మదైన భాగం. ఆ నెమ్మది భాగంలో పెట్టింది హాగ్‌డెన్ వాళ్ళ పెంతెకొస్తు పండగ కీర్తన. పండగనాడు ఊరంతా తెల్లబట్టలతో, బ్యాండు ముందుండి, వాగొడ్డు నుంచి ప్రార్థనా మందిరం దాకా పాడుకుంటూ ఎక్కే పాట అది. వేరే ఊళ్ళ వాళ్ళకు తెలియదు.

ఆ రోజునుంచి ఎల్లిస్ ఒక నియమం పెట్టుకున్నాడు. బ్యాండు సాధన చేసే సాయంత్రాలు ఊళ్ళో ఉండడు. కర్ర పుచ్చుకుని కొండమీది బీడు భూముల వైపు పోతాడు. ఊరి బ్యాండు ఎలా వాయిస్తోందో తన చెవిన పడకూడదు. ఆయాసపడుతూ, బూట్ల నిండా బురదతో తిరిగి వస్తే థిర్జా వేడి టీ చేతికిచ్చి, "న్యాయం కోసం న్యుమోనియా తెచ్చుకో," అనేది.

*

ఒక సాయంత్రం జేబెజ్ కొట్టుకు వచ్చాడు. మిల్లులో మూటలు మోసే పని, బ్యాండులో అన్నిటికన్నా పెద్ద బూర. ఒక పొట్లం పొగాకు అడిగి, డబ్బు కౌంటరు మీద పెట్టి, కదలకుండా నిలబడ్డాడు.

"ఇంకేం కావాలి?"

"ఏం లేదక్కా. పోటీ రోజు ఎల్లిస్‌కి తిండి నువ్వే పంపుతున్నావంట గదా. కమిటీవాళ్ళు అడిగారంట."

"వాడికి అన్నీ పడవు. అందుకని."

"అదే. మంచిదే." జేబెజ్ గల్లాపెట్టె వైపు చూస్తూ మాట్లాడాడు. "టీ ఎప్పుడు పంపాలన్నది నీ ఇష్టమే గదా. ఫలానా బ్యాండు వాయిస్తున్నప్పుడే మాంసం కూరి కాల్చిన పై ముక్క ఒకటి, ఒక కప్పు టీ లోపలికెళ్ళాయనుకో. ఎవరికి నష్టం?"

థిర్జా జున్ను కోస్తున్న కత్తి పక్కనపెట్టి చేతులు తుడుచుకుంది. "ఈనోక్‌కు తెలుసా ఇది?"

"ఆయనకి చెప్తే నన్ను చంపుతాడు."

"మరి నేను చంపననుకున్నావా? జేబెజ్, ఈ త్రాసు కింద ఎప్పుడన్నా వేలు పెట్టానా నేను?"

"లేదక్కా."

"పెట్టలేకనా?"

"కాదక్కా."

"ఒక్కసారి పెట్టి దొరికితే, అంతకుముందు సరిగ్గా తూచినవి కూడా దొంగతూకాలే అవుతాయి. వాడి సంగతీ అంతే. వాడికున్నది పేరొక్కటే. దాన్ని నీకొక పై ముక్కకి అమ్మమంటావు."

"నేనేదో మాటవరసకన్నాను."

"మాటవరసకే విన్నాను. పో."

జేబెజ్ పొగాకు మరచిపోయి వెళ్ళి, మళ్ళీ వచ్చి, తలెత్తకుండా తీసుకుపోయాడు.

దాంతో ఆ బెడద తీరిందనుకుంది థిర్జా. తర్వాతి సాధన రోజున కొట్టు మూస్తుండగా బ్యాండు గదిలోంచి నెమ్మది భాగం వినిపించింది. ఆమె చేయి తలుపు గడియ మీద అలాగే ఆగింది.

కీర్తన మొదటి పాదం చివర బ్యాండు ఆగింది. ఊపిరి తీసుకునేంతసేపు కాదు, ఒక మనిషి నిలబడి వెనక్కి తిరిగి చూసేంతసేపు. మళ్ళీ ఎత్తుకుంది. రెండో పాదం చివరా అంతే.

పెంతెకొస్తు ఊరేగింపులో ఆ కీర్తన అలాగే పాడతారు. మందిరం దారి నిట్టనిలువు. ముసలాళ్ళుంటారు, చంకన పిల్లల్నెత్తుకున్న తల్లులుంటారు. పాదం పూర్తవగానే ఊరంతా ఆగి ఊపిరి పీల్చుకుని మళ్ళీ ఎక్కుతుంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, తాతల నాటినుంచీ అంతే. చదునునేల మీద, మందిరంలో కూర్చుని పాడినా ఆగుతారు. ఎల్లిస్ రాసిన దాంట్లో ఆ ఆగడం లేదు. అది ఆమెకు బాగా తెలుసు. మేడమీద అతను దాన్ని పియానో మీద ఎన్నిసార్లు వాయించుకున్నాడో అన్నిసార్లూ విన్నది. పాదం మీంచి పాదం మీదికి, మెట్టు తెలియకుండా జారిపోతుంది.

ఈనోక్ ఇంటికి రాగానే అడిగింది. "ఆ ఆగడమేంటి?"

"ఏ ఆగడం?"

"ఏదో నాకు తెలియదనుకోకు. కాగితం మీద లేదది."

"కాగితం మీద లేకపోతే?" ఈనోక్ కోటు విప్పుతూ అన్నాడు. "లండన్‌లో ఉండి ఉండి వాడు మరచిపోయుంటాడు. పాట మనది. మన పాట ఎట్లా నడుస్తుందో మాకు వాడు చెప్పాలా?"

"వాడు మరచిపోలేదు. కావాలనే తీసేశాడు."

"అయితే తప్పు చేశాడు. మా నాన్న ఆగాడు, వాళ్ళ నాన్నా ఆగాడు. నీ తమ్ముడు కూడా మొన్న పండగలో నా వెనకే నడిచాడు, ఆగాడా లేదా? దగ్గుతూ ఆగాడు."

"ఈనోక్, ఇక్కడ చూడు. భూమ్మీద ఈ పాటని అలా ఆగి వాయించే బ్యాండు ఒకటే. మొదటి పాదం అయ్యేసరికి గుడారంలో వాడికి మీరెవరో తెలిసిపోతుంది. నేను టీ కప్పు పంపనన్నాను. నువ్వు బూరలతో పంపుతున్నావు."

ఈనోక్ ఒక చేయి కోటులో, ఒక చేయి బయట ఉండగా ఆగిపోయాడు. "ఏ టీ కప్పు?"

చెప్పింది. అతను కోటు పూర్తిగా విప్పి కొక్కేనికి తగిలించాడు.

"జేబెజ్ సంగతి జేబెజ్‌తో తేల్చుకుంటాను. కానీ నన్నూ వాడి పక్కనే నిలబెట్టావు చూడు, అది బాలేదు. నాకు వాడి దయ అక్కర్లేదు. సరిగ్గా వాయించడం కావాలి. సరైనదేదో నాకు తెలుసు."

"వాడు రాసింది వాయించమని పోటీ. నీకు తెలిసింది వాయించమని కాదు."

"సరుకులు తూచడం నీకొచ్చు. నీ పనిలో నేను వేలు పెట్టను."

ఆ మాటతో సంభాషణ ముగిసింది. థిర్జా తమ్ముడితో చెప్పలేదు. చెబితే అతను ఆ బ్యాండును ముందే గుర్తుపట్టినట్టవుతుంది. చెప్పకపోతే గుడారంలో గుర్తుపడతాడు. ఎంత తిప్పి చూసినా తేడా రాలేదు. ఊరుకుంది.

*

పోటీనాడు ఎండ కాసింది. రావెన్‌షా పార్కులో జనం గడ్డి కనపడకుండా కూర్చున్నారు. ఎల్లిస్‌ను కమిటీవాళ్ళు పొద్దున్నే గుడారంలోకి పంపి తలుపు ముడివేశారు. థిర్జా భోజనం పోలీసు చేతికి అందరి ఎదుటా, రెండు బ్యాండుల మధ్య ఎవరూ వాయించని సమయంలో ఇచ్చి, గుడారానికి కొంచెం దూరంలో బల్లమీద కూర్చుంది.

ఒకే రచనను బ్యాండు తర్వాత బ్యాండు వాయించాయి. గని బ్యాండులు గట్టిగా వాయించాయి. ఒక రేవు పట్టణం బ్యాండు చివరి పరుగులో కాళ్ళు తడబడి పడింది. గుడారంలోంచి దగ్గు వినిపిస్తూనే ఉంది. అది వినపడినప్పుడల్లా థిర్జాకు తన గుండెలోనే ఏదో గీరుకున్నట్టుండేది. ప్రతి బ్యాండు దిగాక కొంతసేపు నిశ్శబ్దం, తర్వాత ఈల.

హాగ్‌డెన్‌కు తొమ్మిదో నంబరు వచ్చింది. ఈనోక్ మనుషుల్ని నిలబెట్టి, ఒక్కొక్కరి మొహం చూసి, కర్ర ఎత్తాడు. మొదటి భాగం బాగా నడిచింది. జనం కబుర్లు ఆపారు.

నెమ్మది భాగం వచ్చింది. మొదటి పాదం చివర బ్యాండు ఆగింది.

ఆ ఖాళీలో పార్కంతా ఏ చప్పుడూ లేదు. గుడారంలో అప్పటిదాకా వినిపిస్తున్న దగ్గు కూడా లేదు. రెండో పాదం, మూడో పాదం. ప్రతిచోటా ఆ నిలబడటం, మళ్ళీ ఎత్తుకోవడం. పైఊళ్ళ వాళ్ళు కొందరు, ఇదేంటిలా ఉందని మొహాలు చూసుకున్నారు. హాగ్‌డెన్ ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. థిర్జా కాన్వాసు వైపే చూస్తూ కూర్చుంది. చూడ్డానికి అక్కడ కాన్వాసు తప్ప ఏమీ లేదు. నెమ్మది భాగం అయిపోయి పరుగు మొదలయ్యాక కూడా అతను దగ్గలేదు. పరుగులో పెద్ద బూరల శ్రుతి కాస్త కిందికి జారింది. అది ఆమెకు కూడా తెలిసింది.

బ్యాండు దిగింది. ఈల రాలేదు. జనం కదిలారు, దాహం తీర్చుకున్నారు, పోలీసు గుడారం వైపు అనుమానంగా చూశాడు. చాలా ఆలస్యంగా ఈల వినిపించింది.

సాయంత్రం ఎల్లిస్ వేదిక ఎక్కాడు. ఎండలోకి రాగానే కళ్ళు చిట్లించాడు. ఊరకే అంకెలు చదివాడు. మొదటి బహుమతి నాలుగో నంబరుకు, రెండోది పదకొండుకు, మూడోది రెండుకు. తొమ్మిది లేదు. గెలిచినవాళ్ళు అరుపులు మొదలెట్టారు. ఈనోక్ ఆ గోలలోంచి నడుచుకుంటూ వేదిక కిందికి వెళ్ళాడు. వెనకే థిర్జా.

"తొమ్మిది మేమే," అన్నాడు ఈనోక్.

"తెలుసు బావా."

"ఎప్పుడు తెలుసు?"

"మొదటి పాదం చివర."

జేబెజ్ అప్పటికే అక్కడికి చేరాడు. ఇంకా కొందరు చేరారు. ఈనోక్ గొంతు పెంచలేదు. "అయితే ఒకటే అడుగుతాను. మేమని తెలియకపోతే ఏమిచ్చేవాడివి?"

ఎల్లిస్ తప్పించుకోగలడు. అలసిపోయానని చెప్పి లోపలికి పోవచ్చు. పెద్ద బూరల శ్రుతి సంగతి చెప్పి ఊరుకోవచ్చు, అది అబద్ధం కూడా కాదు. అతను అదే చెప్పాలని థిర్జా కోరుకుంది.

"మూడోది ఇచ్చేవాణ్ణేమో," అన్నాడు. "బూరలు జారాయి. రాసింది వాయించలేదు. అయినా ఇచ్చేవాణ్ణేమో. మీరని తెలిసిపోయాక, ఆ ఇవ్వాలనిపించడం వాయించినందుకా, మీరైనందుకా అని నాకే తేలలేదు. నా చేతిని నేను నమ్మలేకపోయాను. తీసేశాను."

"అంటే సొంతవాళ్ళమని మా బహుమతి పోగొట్టావు," అన్నాడు జేబెజ్.

"అవును."

"విన్నారా? అవునంటున్నాడు."

ఈనోక్ తల ఊపి, బ్యాండు బండి నిలిపిన వైపు వెళ్ళిపోయాడు.

*

ఊరు మాట్లాడటం మానేసింది. తిట్టినా బాగుండేది. ఎల్లిస్ వీధిలోకి వస్తే తలుపుల దగ్గర కబుర్లు ఆగిపోయేవి. మందిరంలో అతను కూర్చున్న వరసలో ఇంకెవరూ కూర్చోలేదు. ఎప్పుడూ వచ్చే ఆడవాళ్ళు కొట్టుకు రావడం తగ్గించారు. కింది ఊరిదాకా నడిచి సరుకులు తెచ్చుకుంటున్నారు. మేడమీద పియానో మోగలేదు. ఈనోక్ బావమరిదితో ఒక్క మాటా ఆడలేదు. బ్యాండు గదికి వెళ్ళడం కూడా మానేసి, వెనక గదిలో తలుపేసుకుని కార్నెట్ ముందేసుకుని కూర్చునేవాడు.

"వెళ్ళిపోతానక్కా," అన్నాడు ఎల్లిస్. "శనివారం బండికి. నేనుంటే నీకు బేరాల్లేవు, బావకు బ్యాండు లేదు."

"లండన్‌కా?"

"ఇంకెక్కడికి?"

"డాక్టరు చెప్పింది మరచిపోయావా?"

"లేదు."

థిర్జా మళ్ళీ లెక్క చూసుకుంది. అతను ఉంటే కొట్టు కొంత చితుకుతుంది. చితికింది కోలుకుంటుంది. జనానికి పంచదార కావాలి, కింది ఊరు దూరం, వానలు మొదలవుతాయి. అతను పోతే మాత్రం పోయినట్టే. చలికాలం దాటడు. సగం అయిన సింఫనీ సగంగానే ఉంటుంది. ఇందులో ఆలోచించడానికేమీ లేదు. కానీ అతన్ని ఆపే మాట తన దగ్గర లేదు. ఉన్నది ఈనోక్ దగ్గర. అది అడిగి పుచ్చుకునేది కాదు.

శుక్రవారం మధ్యాహ్నం ముగ్గురూ కొట్టు వెనక వంటింట్లో భోజనానికి కూర్చున్నారు. ఎల్లిస్ పెట్టె కట్టేసి మెట్ల కింద పెట్టాడు. గొర్రెమాంసం, బంగాళాదుంపలు. ఈనోక్ సగం తిని, పళ్ళెం కొంచెం ముందుకు జరిపి, భార్య వైపు తిరిగాడు.

"వాణ్ణి అడుగు," అన్నాడు.

"ఏమని?"

"ఆగకుండా వాయిస్తే ఊపిరి ఎక్కడ తీసుకోవాలని వాడి ఉద్దేశం? అడుగు. పాదం మీంచి పాదం మీదికి జారిపోవాలంటే మనుషులేమన్నా తోలుతిత్తులా?"

థిర్జా తమ్ముడి వైపు తిరిగింది. "విన్నావుగా."

ఎల్లిస్ చెంచా కింద పెట్టాడు. "చెప్పక్కా. అందరూ ఒకేచోట తీసుకోకూడదని. బీరువాని మెట్లమీద ఎక్కిస్తారు చూడు, ఇద్దరూ ఒక్కసారి చేతులు వదిలేస్తే కింద పడుతుంది. ఒకడు పట్టుకున్నప్పుడు ఇంకొకడు చేయి మార్చుకోవాలి. సగం మంది పాదం మధ్యలో తీసుకుంటే, మిగతా సగం చివర్లో తీసుకుంటారు. వినేవాడికి ఎవడూ ఆగినట్టుండదు."

"చెప్పు వాడికి," అన్నాడు ఈనోక్, "నిన్నటినుంచీ రెండు రకాలుగానూ వాయించి చూశానని. ఒక్కణ్ణే కాబట్టి ఆ సగాల సంగతి తెలియలేదు. సరే, అది తెలిసింది. కానీ ఇంకోటి చెప్పు. నా మనుషులు దూదిపొట్టు పీల్చి బతికేవాళ్ళు. గనివాళ్ళకున్నంత ఛాతీ లేదు. వీళ్ళ ఊపిరి తెలియకుండా రాశాడు వీడు."

"ఊపిరి గురించి నాకు తెలియదంటున్నాడా?" అన్నాడు ఎల్లిస్. అని, దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. ఈనోక్ నీళ్ళ గ్లాసు అతని వైపు తోశాడు. తోసి, గోడవైపు చూశాడు.

ఎల్లిస్ నీళ్ళు తాగాడు. "చెప్పక్కా. కొండెక్కేటప్పుడు ఆగకుండా ఎక్కితే ఎలా ఉంటుందో నేను ఎన్నడూ చూడలేదు. పాటలోనైనా చూద్దామని తీసేశాను."

థిర్జా ఆ మాట అందించలేదు. అందించాల్సిన అవసరమూ లేకపోయింది. ఈనోక్ బల్లమీద వేలితో గీతలు గీస్తున్నాడు.

అప్పుడే కొట్టు గంట మోగింది. థిర్జా లేచి, వంటింటి తలుపు దగ్గరగా వేసి, ముందుకు వచ్చింది. కౌంటరు అవతల ఆర్మరాడ్ వాళ్ళావిడ బుట్ట పట్టుకుని నిలబడి ఉంది. పోటీ అయినప్పటినుంచీ ఆమె ఆ గడప తొక్కలేదు.

"ఓట్‌పిండి కావాలి," అంది కొంచెం బిగుసుకుని. "కింది ఊళ్ళో పురుగు పట్టింది."

"ఇక్కడ పట్టలేదు."

వెనక గొంతులు వినిపించాయి. ముందు ఈనోక్‌ది. "అయితే రెండో కార్నెట్లని ఎక్కడ ఊపిరి తీసుకోమంటావు?" ఎల్లిస్ ఏదో అన్నాడు. "అదెట్లా కుదురుతుంది? అక్కడ జేబెజ్‌కి స్వరం ఉంది." "ఉంటే ఉండనీ, బావా, వాడి శ్రుతి ఎలాగూ అక్కడే జారుతోంది." "జారుతోందా? నువ్వు గుడారంలో కూర్చుని..." కుర్చీ నేలమీద గీరుకుంది.

ఆర్మరాడ్ వాళ్ళావిడ మెడ చాచింది. "కొట్టుకుంటున్నారా?"

"అలాగే ఉంది."

"రేపు బండికి పోతున్నాడన్నారే."

"పెట్టె కట్టాడు," అంది థిర్జా. పిండి డబ్బా మూత తీసి, చిన్న గరిటతో, కొంచెం కొంచెంగా కాగితంలోకి పోయడం మొదలుపెట్టింది. "ఇంకా తేలలేదు. నీకు తొందరేం లేదుగా?"

"లేదులే," అంది ఆవిడ, బుట్ట కౌంటరు మీద పెట్టి, వంటింటి తలుపు వైపు చెవి ఒగ్గి.

లోపల ఈనోక్ గొంతు బాగా పెరిగింది. అంతకన్నా పైకి ఎల్లిస్ గొంతు లేచింది. పోటీ తర్వాత ఆ ఇంట్లో అంత చప్పుడు కాలేదు. థిర్జా త్రాసు ముల్లు చూసి, ఎక్కువైన పిండి గరిటతో తీసి, మళ్ళీ పోసి, మళ్ళీ తీసింది.